గాజుల కింద నరం

సూదిలోకి ఈసారి కూడా రక్తం రాలేదు.

నర్సు రోసమ్మ సూదిని వెనక్కి లాగి, దూది పెట్టి అదిమింది. మోచేతి మడతలో చర్మం అప్పటికే కమిలి నల్లబడింది. ఆ చెయ్యీ అయింది, ఈ చెయ్యీ అయింది, చీలమండ దగ్గరా అయింది. పొడిచిన ప్రతిచోటా నరం దొరికినట్టే దొరికి పక్కకు జారింది, లేకపోతే చిట్లి లోపలే ఉబ్బింది. దూలానికి కట్టిన తాడుకు ఉప్పునీళ్ళ సీసా నిండుగా వేలాడుతోంది. దాని కింద మంచం మీద లతీఫున్నీసా పెదవులు తడుపుకోవాలని చూస్తోంది. నాలుకకే తడి లేదు.

"నరాలు లేని మనుషులుంటరా నర్సమ్మా?" అంది ఖమర్ బీ. కోడలి తల దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుతోంది.

"ఉన్నయక్కా. ఒంట్ల నీళ్ళే లేవు. నీళ్ళు మోసే భిస్తీ ఖాళీ చేసిన తోలుసంచి లెక్క అతుక్కపోయినయి. కండ్లకు కనవడ్తలేవు, చేతికి తగుల్తలేవు."

"మరి నీ సదువెందుకు?"

"నా సదువు నీళ్ళున్న ఒంటి మీద సదివిన్నక్కా. నువ్వు జెర పక్కకు జరుగు, వెలుతురు రానియ్యి."

గడప అవతల గోడకు ఆనుకొని మౌలా అలీ ఈ మాటలు వింటున్నాడు. కోడలు పడుకున్న గదిలోకి మామ అడుగు పెట్టకూడదన్నది ఆ ఇంటి మర్యాద. నిన్న సాయంత్రం కోడలికి కలరా, ఈ పాడు గత్తర, షురూ అయిన దగ్గర్నుంచి వాంతుల బకెట్లు మోస్తున్నది ఆయనే. అయినా ఆ గడప దాటడానికి కాళ్ళు ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయి. బకెట్ గడప మీద పెడితే ఖమర్ బీ అందుకుంటుంది. మర్యాద మర్యాదే, కంపు కంపే.

పొద్దున్నే టాంగా కట్టుకొని మారేడ్‌పల్లిలో ఒక డాక్టరు ఇంటికి పోయాడు. ఆయన వరండాలోంచే అడిగాడు, ఏ గల్లీ అని. రాంగోపాల్‌పేట్‌లో ఫలానా అని చెప్పాడు. "చూద్దాం, సాయంత్రం," అన్నాడు ఆయన, పేపరు మడిచి లోపలికి పోతూ. ఈ పోలీసు యాక్షన్ అయిన దగ్గర్నుంచి ఊళ్ళో ఎవడైనా ముందు గల్లీ పేరు అడుగుతున్నాడు, తర్వాతే రోగం పేరు. అంతకు ముందు మాత్రం ఏం ఉద్ధరించారు? అప్పుడు వేరేవాళ్ళ గల్లీ పేర్లు అడిగేవారు. మనుషులు మారలేదు, గల్లీలు మారాయి.

అక్కడి నుంచి ఆసుపత్రికి పోతే, రోసమ్మ మాత్రం ఏమీ అడగలేదు. కార్ఖానా బస్తీలోని ఇంటి నుంచి ఆసుపత్రి డ్యూటీకి రోజూ ఆయన టాంగాలోనే పోయే మనిషి. ఆసుపత్రిలో వరండాల్లో కూడా చోటు లేదని చెప్పి, పెద్ద సిస్టరును బతిమాలి, మిగిలిన ఒక్క సీసా పట్టుకొని టాంగా ఎక్కి కూర్చుంది. దోవంతా ఆ సీసాను చంటిపిల్లలా ఒడిలో పెట్టుకుంది.

"వేడి గుడ్డ ఇంకోటి తేండ్రి," అంది రోసమ్మ లోపల్నుంచి.

మౌలా అలీ పొయ్యి మీది గిన్నెలోంచి గుడ్డ పిండి, గడప మీదుగా అందించాడు. రోసమ్మ లతీఫున్నీసా చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి వేలాడదీసి, మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ గుడ్డ చుట్టింది. పైన రబ్బరు గొట్టం బిగించింది. కాసేపటికి గుడ్డ విప్పి, రెండు వేళ్ళతో చర్మం మీద టపటపా తట్టింది. తట్టి, కళ్ళు మూసుకొని, వేళ్ళతో నెమ్మదిగా తడుముతూ కిందికి వచ్చింది.

గాజుల దగ్గర ఆ వేళ్ళు ఆగాయి.

మణికట్టును పట్టుకొని ఉన్న ఆకుపచ్చ గాజుల వరుస అది. రోసమ్మ చూపుడువేలు వాటి సందులోంచి బొటనవేలి వైపు దూర్చి నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"ఇక్కడున్నది," అంది కళ్ళు తెరిచి. "మంచి నరం. కింద నక్కి కూసున్నది. ఈ గాజులు తియ్యాలె అక్కా."

ఖమర్ బీ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"పైకి తోస్కోరాదూ."

"తోసి సూడు నువ్వే. పైకి పోతే కండ దగ్గర బిగుస్తయి. నరం పోయే తోవ మీదనే కూసుంటయి, ఇగ నీళ్ళు ఎక్కవు. కిందికి గుంజితే నరాన్నే కప్పుతయి. ఇంత బిగువు గాజులు ఎవరు తొడిగిన్రో గాని."

ఎవరు తొడిగారో ఆ గదిలో అందరికీ తెలుసు, రోసమ్మకు తప్ప. ఖమర్ బీ పరదా ఇళ్ళలో తిరిగి గాజులు తొడిగే మనిషి. రాంగోపాల్‌పేట్‌లో సగం ఆడవాళ్ళ మణికట్ల కొలతలు ఆమె వేళ్ళకు తెలుసు. ఎంత చిన్న గాజునైనా సబ్బు రాసి, పిడికిలి నొక్కి, ఒక్క గాజు చిట్లకుండా ఎక్కించడం ఆమెకు గర్వం. వదులు గాజులు మొగుడి మీద లక్ష్యం లేని ఆడదానికని ఆమె మాట. మొన్న బక్రీద్ నాడు కోడలి చేతులకు ఒక సైజు తక్కువ గాజులు తొడిగి, నాసర్ ఇంటికి తిరిగొచ్చేదాకా ఇవి చేతులు దిగవని మొక్కుకుంది.

కొడుకు నాసర్ లారీ డ్రైవరు. బీదరు వైపు పోయి, యాక్షన్ గడబిడలో కనిపించకుండా పోయాడు. వస్తాడని తల్లి గాజులు తొడిగింది. వస్తాడని పెళ్ళాం తొడిగించుకుంది, కడుపులో బిడ్డను మోస్తూ.

వాడు రాడు. ఆ సంగతి ఆ ఇంట్లో మౌలా అలీ ఒక్కడికే తెలుసు.

నాసర్ లారీలో క్లీనరుగా పోయిన లాల్, స్టేషను ముందు టాంగాల అడ్డాలోకి వచ్చి, గుర్రం పక్కన నిలబడి చెప్పి పోయాడు. రజాకార్లు లారీని పట్టుకొని నాసర్‌నే తోలమన్నారట. తోలాడు. తోలకపోతే వాళ్ళు చంపేవాళ్ళు. మిల్ట్రీ వచ్చాక ఆ లారీని గుర్తుపట్టినవాళ్ళు, దాన్ని తోలినవాణ్ణి కూడా గుర్తుపట్టారు. తోలినందుకు వీళ్ళు చంపారు. లాల్ ఇంకా ఏదో చెప్పబోతుంటే, మౌలా అలీ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఈ మాట మా గల్లీలో వినపడితే నిన్ను పాతేస్తానన్నాడు. కోడలికి కాన్పు అయ్యేదాకా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఆ పైన ఏం చెయ్యాలో ఆలోచించలేదు.

గదిలో ఖమర్ బీ సబ్బుముక్క తెచ్చుకుంది. కోడలి చేతికి నురగ పట్టించి, వేళ్ళు దగ్గరికి మడవబోయింది. మడతపడలేదు. గత్తరకు చేతులు కొంకర్లు పోయి, వేళ్ళు కర్రల్లా బిగిశాయి. బొటనవేలి ఎముక అడ్డంగా నిలబడి, గాజును ఒక్క అంగుళం కూడా రానివ్వడం లేదు. లతీఫున్నీసా మూలిగింది.

"జెర వదులు బిడ్డా. చెయ్యి వదులు. నీకు తొడిగినప్పుడు సుత నొప్పైంది గద, ఓర్సుకున్నవు గద."

"ఆ పిల్ల బిగవడ్తలేదక్కా. రోగం బిగవట్టింది," అంది రోసమ్మ. "ఇట్ల కాదు. పగలగొట్టాలె."

"గా మాట అనకు." ఖమర్ బీ గొంతు సన్నగా, పదునుగా వచ్చింది. "మా ధంధల గాజు పగిలింది అనరు. సల్లబడ్డది అంటరు. గది సుత నోరారా అనరు."

"ఏదో ఒకటి అనుకోండ్రి. ఈ చెయ్యి సాలు నాకు. గుడ్డ అడ్డం పెట్టి జాగర్తగ..."

"మొగుడు బతికుండంగ చెయ్యి బోడి చేస్తవా? నువ్వు కిరస్తానీదానివి, నీకేమెర్క."

"నాకు నాడి ఎర్కక్కా. ఇందాక చేతికి తగిలింది. ఇప్పుడు తగుల్తలేదు. ఇంకా ఆలిస్యమైతే ఆ నరం సుత పడుకుంటది. అప్పుడు ఈ సీసా నేను ఇంటికి తీస్కపోయి కూరల ఉప్పుకు వాడుకోవాలె."

"దేవుడున్నడు."

"ఉన్నడు. ఆయన గాజులు తియ్యడు."

ఖమర్ బీ కోడలి చేతి మీద తన రెండు చేతులూ కప్పేసి, ముందుకు వంగి కూర్చుంది. "నా కొడుకు వచ్చి, నా పెళ్ళాం చేతుల గాజులేవని అడుగుతే నేనేం జవాబు చెప్పాలె? సూదికి అడ్డమొచ్చినయని చెప్పాల్నా? నేను మొక్కిన మొక్కు. ఇది ఇప్పితే వాని ఆయుష్షు నేనే ఇప్పినట్టు."

అప్పుడు మంచం మీంచి లతీఫున్నీసా గొంతు వచ్చింది. బావి అడుగు నుంచి వచ్చినట్టుంది.

"వద్దు మామా. పగలగొట్టనియ్యకుండ్రి."

ఇంతసేపూ ఆ పిల్ల ఏమీ వినడం లేదనుకున్నారు. అన్నీ వింటోంది. అత్తను కాదు, నర్సును కాదు, గడప అవతల కనపడకుండా నిలబడ్డ మామను అడుగుతోంది. ఇంట్లో మగవాడి మాటే చెల్లుతుందని ఆ పిల్ల నమ్మకం.

మౌలా అలీ పెరట్లోకి నడిచాడు. గుర్రం ఆయన్ని చూసి మెడ ఊపింది. టాంగా సీటు కింద పెట్టె తెరిచి, నాడాల మేకులు పీకే పట్కారు తీశాడు. దాన్ని పంచె అంచుతో తుడిచాడు. ఒక్క మాట చెబితే చాలని తెలుసు. నీ కొడుకు లేడు, ఇవి ఎప్పుడో తియ్యాల్సిన గాజులని చెబితే ఖమర్ బీ చేతులు వాటంతటవే జారిపోతాయి. కానీ ఆ మాట మంచం దాకా వినపడుతుంది. నీళ్ళు లేని ఆ ఒంట్లో ఇంకా ఏదన్నా మిగిలి ఉంటే, అది మొగుడు వస్తాడన్న ఆశ ఒక్కటే. ఆ ఆశ పోయాక ఏ నరంలో ఏం ఎక్కిస్తే ఏం లాభం?

గడప దాటి లోపలికి వచ్చాడు.

"ఏందీ గిది?" అంది ఖమర్ బీ పట్కారు చూసి.

"జరుగు."

"నువ్వు తండ్రివేనా? మనిషివేనా?"

"జరుగమన్న."

"నన్ను సంపి తియ్యి."

ఆయన ఆమెను తొయ్యలేదు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, ఆమె వేళ్ళను ఒక్కొక్కటీ విప్పాడు, గుర్రం నోట్లోంచి కళ్ళెం తీసినంత నింపాదిగా. రోసమ్మ మడిచిన గుడ్డను గాజుల కిందికి జొనిపింది. లతీఫున్నీసా కళ్ళు మూసుకుంది.

మొదటి గాజు పట్కారులో చిటుక్కుమంది.

ఆ ఇంట్లో పొరపాటున ఒక గాజు చిట్లితే చాలు, చూసినవాళ్ళంతా మొగుడి ప్రాణానికి కీడు తగలకుండా తౌబా తౌబా అని చెంపలు వేసుకుంటారు. ఇంకో గాజు తొడిగేదాకా ముద్ద మింగరు. మౌలా అలీ ఖమర్ బీతో కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆ మాట అనకుండా ఎన్నడూ ఉండలేదు. ఇప్పుడు అనలేదు. రెండో గాజు పట్టుకున్నాడు. మూడోది పట్టుకున్నాడు. పచ్చటి ముక్కలు గుడ్డ మీద రాలుతుంటే వాటిని ఊదేసి, తర్వాతి గాజు మీదికి పోతున్నాడు. కాయలు ఒలిచేవాడిలా ఉన్నాడు.

ఖమర్ బీ అరవలేదు. ముక్కలను చూడలేదు. మొగుడి మొహం చూస్తూ కూర్చుంది. ఎంతోమంది ఆడవాళ్ళకు గాజులు తొడిగిన మనిషి, తొడిగిన చేతులు బోడి అయిన రోజున కూడా ఆ ఇళ్ళకు పోయి పక్కన కూర్చున్న మనిషి. భయపడుతూ గాజు తీసేవాడి మొహం ఎలా ఉంటుందో, భయపడడానికి ఏమీ మిగలనివాడి మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

ఆమె లేచి, కొంగు నోట్లో కుక్కుకొని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

రోసమ్మకు అవేమీ పట్టలేదు. గొట్టం బిగించింది. తడిమింది. తల పక్కకు వాల్చి, ఊపిరి బిగపట్టి, సూదిని దాదాపు చర్మానికి ఆనించి పడుకోబెట్టి లోపలికి నెట్టింది. ఏమీ రాలేదు. వెంట్రుకవాసి వెనక్కి లాగి, కొంచెం వాలుగా మళ్ళీ నెట్టింది. సూది వెనక నల్లటి చుక్క ఒకటి మెల్లగా పైకి వచ్చింది.

"వచ్చింది," అంది రోసమ్మ, తనకు తానే చెప్పుకున్నట్టు. గొట్టం తగిలించి, రబ్బరు విప్పి, చేతిని చెక్కకు కట్టింది. సీసాలో బుడగ లేచింది. "సాయిబన్నా, ఈ చెయ్యి కదలొద్దు. కదిలితే సూది నరం దాటి దిగవడ్తది. ఇంకో నరం లేదు ఈ పిల్లకు. సమజయిందా? ఇదొక్కటే."

మౌలా అలీ తలూపి బయటికి వచ్చాడు.

ఖమర్ బీ గుర్రానికి నీళ్ళు పెట్టే తొట్టి గట్టు మీద కూర్చుంది. ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. రోడ్డు మీద మిల్ట్రీ లారీలు వరసగా పోతున్నాయి. అవి పోయేదాకా ఆగింది ఖమర్ బీ.

"ఎప్పుడు తెలిసింది?"

"బక్రీద్‌కు ముందు."

"ముందు." ఆ మాటను ఆమె నోట్లో తిప్పుకుంది. "నేను తొడుగుతుంటే నువ్వు గీడనే కూసొని చాయ్ తాగినవ్."

"తాగిన."

"సబ్బు ఏడుంది అని అడిగితే లేచి అందిచ్చినవ్."

"అందిచ్చిన."

"పిల్ల నవ్వుతుంటే నువ్వు సుత నవ్వినవ్. ముసలోడికి ఎన్నడూ లేని నవ్వు ఏడికెల్లి వచ్చిందా అనుకున్న."

మౌలా అలీ నేల చూశాడు. "కాన్పు అయినంక చెప్దామనుకున్న. నిన్ను పరేషాన్ చేసుడెందుకని."

"నా మీద రహం, దయ చూపిచ్చినవా?" ఆమె ఏడవడం లేదు. అదే ఆయనకు భరించరానిదిగా ఉంది. "పచ్చగాజులు ఏరి ఏరి తెచ్చిన. సచ్చినోని పేరు మీద మొక్కిన. నాతోటి ఇన్ని పనులు చేపిచ్చి, పక్కన కూసొని సూసినవ్. గీ తక్లీఫ్ నాకు దుష్మన్ సుత ఇయ్యడు."

ఆయన మంచికే చేశాడు. మంచికే చేసినవాడి మాటకు ఈ లోకంలో ఎన్నడు విలువ ఉంది కనుక.

"ఏడ పెట్టిన్రు నా కొడుకును?" అంది ఖమర్ బీ.

మౌలా అలీ నోరు తెరిచాడు. లాల్ ఆ రోజు చెప్పబోయి ఆగిన మాట అదే అయి ఉంటుందని ఇప్పుడు తట్టింది. చెయ్యి అడ్డం పెట్టింది తానే. మళ్ళీ అడగలేదు కూడా.

"తెల్వదు," అన్నాడు.

ఖమర్ బీ తల పైకెత్తి ఆయన్ని చూసింది. ఆ చూపులో తిట్టు ఉన్నా బాగుండేది.

"అక్కా," రోసమ్మ కేక వినపడింది. "ఇట్ల రాండ్రి. పిల్ల కండ్లు తెరిచింది."

ఖమర్ బీ కొంగుతో మొహం తుడుచుకుంది. గడప దాటేసరికి ఆమె నడకా మారింది, మొహమూ మారింది. గాజుల బుట్ట దించి కొత్త ఇంట్లో కూర్చునేటప్పుడు పెట్టుకునే నవ్వు ఒకటి పెట్టుకుంది. మౌలా అలీ వెనకాలే వచ్చి గడప దగ్గర ఆగాడు.

సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. లతీఫున్నీసా కళ్ళ కింద గుంటలు కొంచెం పూడినట్టున్నాయి. పెదవుల మీద తడి మెరుస్తోంది. చెక్కకు కట్టిన చేతి వైపు చూస్తోంది. బోడి మణికట్టు మీద గాజులు ఒత్తుకున్న గుర్తులు ఎర్రగా కనిపిస్తున్నాయి.

"అత్తమ్మ," అంది.

"ఆఁ బిడ్డా. మంచిగైతవు. నరం దొరికింది. నువ్వు లేసినంక నేనే తొడుగుత మళ్ళ, గీటికంటే మంచియి. వాడు వచ్చే యాళ్ళకు నీ చెయ్యి నిండుగుంటది."

లతీఫున్నీసా అత్త మొహాన్ని చూసింది. తర్వాత గడపలో నిలబడ్డ మామను చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"మామ తౌబా అనలేదు," అంది ఆ పిల్ల.

ఖమర్ బీ దుప్పటి అంచు సర్దబోయింది.

"నేను కండ్లు మూసుకొని ఇన్న. అంటడేమో అని ఇన్న. ఒక్క గాజుకన్నా అంటడేమో అని." ఊపిరి అందక ఆగింది. ఆగి, కట్టు లేని రెండో చెయ్యి దుప్పట్లోంచి మెల్లగా బయటికి తీసి, ఖమర్ బీ ఒళ్ళో పెట్టింది. ఆ చేతికి గాజులు నిండుగా ఉన్నాయి. "ఒక్క చేతికి గాజులేంది అత్తమ్మ. ఇవి సుత తియ్యండ్రి. లేకుంటే ఉన్నడని చెప్పండ్రి."

"పిల్లా, కదలకు," అంది రోసమ్మ, చెక్కను రెండు చేతులా అదిమి పట్టుకొని. "అక్కా, ఏం చెప్పినా జెర సూసి చెప్పు. ఈ నరం పోతే నేనేం చెయ్యలేను."

ఖమర్ బీ తన ఒళ్ళోని చేతిని చూస్తూ కూర్చుంది. ఆ గాజులను తియ్యలేదు, ఆ చేతిని వదలలేదు. ఇందాకటి నవ్వు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

"రా," అంది చివరికి, గడప వైపు తల తిప్పకుండానే. "లోపలికి రా. వచ్చి, నువ్వే చెప్పు."